వార్తా సర్వరు పరిపాలన: ఎవరి చేతిలో ఏ తాళపుచెవి?

గత వేసవి సెలవులలో మా పూర్వవిద్యార్థి తండ్రి యొకరు మమ్ము చూడవచ్చి, కూర్చుండకమునుపే “అయ్యవారూ, మావాణ్ణి తెలుగు బళ్లో చేర్చి తప్పు చేసినానా?” అని యడిగిరి. ఆ కుఱ్ఱవాడు బెంగుళూరులో ఒక కంపెనీయందు సర్వరుల పని చూచుచుండెడివాడు. ఒకనాటి ఉదయము అతడు పంపిన ఒక్క ఆజ్ఞతో ఆ కంపెనీ ఉద్యోగులందఱి టెలిఫోన్లును సందేశములును నిలిచిపోయినవి. ఉద్యోగము పోయినది. వెడలివచ్చునపుడు పై యధికారి, ఇంగ్లీషు సరిగా రానివారితో ఇదే చిక్కని పదిమంది యెదుట అన్నాడట. కొడుకు ఉద్యోగము పోయినదానికంటె ఆ మాటయే తండ్రిని ఎక్కువగా బాధించినది.

మేము ఆ బాలుని పిలిపించి జరిగినదంతయు వింటిమి. ఆ సర్వరును గూర్చి మైక్రోసాఫ్టు వారు ప్రకటించిన వివరణలను కూడ అతని సహాయముతో చదివితిమి. తెలిసికొన్నంత మట్టుకు ఇచ్చట వ్రాయుచున్నాము. మన పిల్లలలో పలువురు ఇట్టి కొలువులలో చేరుచున్నారు గనుక వారు చేయు పని యెట్టిదో ఇంటివారికి తెలిసియుండవలెను.

పెద్ద కంపెనీలలో ఉద్యోగులు ఒకరితో నొకరు మాటాడుటకు, చిన్న సందేశములు పంపుకొనుటకు, దూరమునుండియే సమావేశమగుటకు ఒక ప్రత్యేకమైన సర్వరును ఉంచుకొందురు. మైక్రోసాఫ్టు వారి అట్టి సర్వరు 2007లో ఆఫీస్ కమ్యూనికేషన్స్ సర్వర్ అను పేరుతోను, 2010లో లింక్ సర్వర్ అను పేరుతోను, 2015లో స్కైప్ ఫర్ బిజినెస్ సర్వర్ అను పేరుతోను వచ్చినది. వీనిలో 2010 నాటి మార్పు పెద్దది. సర్వరును ఏలువారికి ఆ యేడు మూడు సాధనములు ఒక్కసారిగా లభించినవి: కంటితో చూచి నొక్కదగిన తెర యొకటి, వ్రాసి పంపదగిన ఆజ్ఞల భాష యొకటి, ఎవరు ఏ పని చేయవచ్చునో నిర్ణయించు ఏర్పాటు ఒకటి.

తెరకు కంట్రోల్ పానెల్ అని పేరు. ఉద్యోగి పేరు వెదకి, కనబడిన పేరుపై నొక్కి, అతనికి ఫోను నంబరు ఇయ్యవచ్చును, మార్పవచ్చును, తీసివేయవచ్చును. దేనిని ముట్టుచున్నామో పేరు కంటి యెదుటనే యుండును గనుక పొరపాటునకు అవకాశము తక్కువ. ఏయే సర్వరులు ఎచ్చట నుండవలెనో పటము వలె గీచి ప్రకటించుటకు టోపాలజీ బిల్డర్ అను వేఱొక తెర కలదు. దాని జోలికి మనము పోనక్కరలేదు.

ఒకరిద్దఱి విషయమైనచో తెర చాలును. మూడువందలమందికి ఒకే మార్పు చేయవలసినపుడు ఒక్కొక్క పేరును నొక్కుచు కూర్చుండుట యెట్లు? అందులకే మేనేజ్‌మెంట్ షెల్ అను ఆజ్ఞల భాష. పవర్‌షెల్ అను భాషపై దీనిని కట్టిరి. ఇందు ఐదువందలకు పైగా ఆజ్ఞలున్నవి. భాషోపాధ్యాయులమగుటచే మమ్ము ఆకర్షించినది వీని నిర్మాణము. ప్రతి ఆజ్ఞయందును ముందు ఒక క్రియ, నడుమ ఒక అడ్డగీత, పిదప ఒక నామవాచకము. గెట్-సీఎస్‌యూజర్ అనగా వాడుకరులను తెచ్చి చూపుమని అర్థము. ఎనేబుల్-సీఎస్‌యూజర్ అనగా వాడుకరికి ఈ సౌకర్యము కల్పింపుమని. సీఎస్ అనునది కమ్యూనికేషన్స్ సర్వర్‌కు పొట్టిపేరు. మన భాషలో క్రియ వాక్యము చివరకు వచ్చును, ఇందు మొదటికి వచ్చును. అంతకంటె కఠినమైన వ్యాకరణ మేమియు మాకు కనబడలేదు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఒక్క పూటలో దీనిని గ్రహింపగలడు.

రెండు ఆజ్ఞల నడుమ ఒక నిలువు గీత గీచినచో, మొదటి ఆజ్ఞ తెచ్చిన పేర్లన్నియు రెండవ ఆజ్ఞ చేతికి పోవును. దీని బలమెంతయో అపాయమును అంతయే.

ఇప్పుడు ఆ బాలుని కథకు వత్తము. కంపెనీవారు ఒక శాఖను మూసివేసిరి. ఆ శాఖవారి ఖాతాలను మాత్రము తొలగింపుమని అతనికి చెప్పిరి. అతడు గెట్-సీఎస్‌యూజర్ అని వ్రాసి, నిలువు గీత గీచి, డిసేబుల్-సీఎస్‌యూజర్ అని వ్రాసినాడు. మొదటి ఆజ్ఞ వెంబడి ఆ శాఖ పేరును చేర్పవలసియుండగా మఱచినాడు. శాఖ పేరు లేనపుడు ఆ ఆజ్ఞ అందఱి పేర్లను తెచ్చును, తెచ్చినది.

ఇచ్చట ఇంకొక సూక్ష్మము కలదు. డిసేబుల్ అను ఇంగ్లీషు మాటకు తాత్కాలికముగా నిలుపుట అని మనము తలంతుము. ఈ సర్వరులో దాని పని వేఱు. అది ఆ వాడుకరి ఖాతానుండి ఈ సర్వరునకు సంబంధించిన వివరములనన్నిటిని తుడిచివేయును. మరల ఎనేబుల్ చేయవచ్చును గాని, అతని కేర్పఱచిన నియమములు మొదలైనవి తిరిగి మొదటినుండి కూర్చుకొనవలెను. కొంతకాలము ఆపిన చాలుననుకొన్నచో సెట్-సీఎస్‌యూజర్ అను ఆజ్ఞతో ‘ఎనేబుల్డ్’ అనుదానిని ‘కాదు’ అని మార్చుట సరియైన దారి. అపుడు వివరములు చెక్కుచెదరవు. ఈ భేదము ఇంగ్లీషు నిఘంటువులో దొరకదు. ఇంగ్లీషు బడిలో చదివినవాడైనను సర్వరు వివరణ చదువనిచో ఈ గుంటలోనే పడును.

బాలుని తప్పు లేదని మేము అనము. ఆజ్ఞ చివర వాట్‌ఇఫ్ అను చిన్నమాట చేర్చియున్నచో, సర్వరు ఏ పనియు చేయక, చేసినచో ఏమి జరుగునో మాత్రము పేరు పేరున చెప్పియుండును. మూసివేసిన శాఖవారి పేర్లకు మాఱుగా కంపెనీ యంతటి పేర్లును వరుసగా కనబడుచుండగా ఎవడు ముందునకు పోవును? మొదట ఒక జాబితాను దస్త్రములో దాచుకొనుట రెండవ జాగ్రత్త. అతడు రెండును చేయలేదు. ఈ మాటను అతని యెదుటనే అంటిమి, తల వంచుకొన్నాడు.

కాని అసలు ప్రశ్న వేఱు. అంత పెద్ద ఆజ్ఞను పంపు అధికారము అతనికెట్లు వచ్చినది? 2010లో వచ్చిన మూడవ సాధనము దీనికొఱకే. సర్వరును ఏలువారికి పాత్రల ననుసరించి అధికారములు పంచుదురు. సీఎస్ అడ్మినిస్ట్రేటర్ అనువాడు సర్వాధికారి. యూజర్ అడ్మినిస్ట్రేటర్ వాడుకరులను చేర్చును, తొలగించును, ఉన్న నియమములను వారికి కేటాయించును. క్రొత్త నియమములను చేయజాలడు. వాయిస్ అడ్మినిస్ట్రేటర్ టెలిఫోను సంగతులు చూచును. వ్యూ ఓన్లీ అనువాడు అన్నియు చూచును గాని ఏదియు మార్పజాలడు. హెల్ప్ డెస్క్ వాడు వాడుకరుల వివరములు చూచి, చిక్కు ఎచ్చటనో పరీక్షించును, వాడుకరిని తొలగింపలేడు. ఇవి చాలనిచో క్రొత్త పాత్రను సృష్టించి, ఒక్క శాఖవారి ఖాతాలకే దానిని పరిమితము చేయవచ్చును. మన బడిలో గేటు తాళము అటెండరు వద్దను, బీరువా తాళము గుమాస్తా వద్దను ఉండుటవంటిదే ఇది.

మనవానికి హెల్ప్ డెస్క్ పాత్ర మాత్రమే కలదు. మూసిన శాఖ పనికై ఆ శాఖకు పరిమితమైన పాత్ర నొకదానిని కల్పించి యిచ్చియున్నచో, అతని మతిమఱపు వలన ఇతర శాఖలవారి ఖాతాలకు హాని కలిగెడిది కాదు. పై యధికారి ఆ శ్రమకు ఓర్వక, తన పేరును, తన రహస్యపదమును నోటిమాటగా చెప్పి, దీనితో కానిమ్మన్నాడు. అతని పేరుతో లోనికి పోయినవానికి అతని అధికారమంతయు దక్కును. ఆ పేరు వెనుక ఉన్న చేయి ఎవరిదో సర్వరునకు తెలియదు. ఆ పని చేసినది తానేనని మనవాడు స్వయముగా పోయి చెప్పుకొన్నాడు. ఆ సంగతి వినినపుడు తండ్రి కన్నులు తుడుచుకొనిరి. మాకును గొంతు పట్టినట్లయినది.

ఈ పాత్రల కట్టుబాటునకు ఒక సందు కూడ కలదు. దూరమునుండి తెర ద్వారా గాని, ఆజ్ఞల ద్వారా గాని పనిచేయువారికే ఇది వర్తించును. సర్వరు యంత్రము ఎదుటనే కూర్చుండి దాని షెల్‌ను తెఱచినవానికి ఈ పాత్రలు అడ్డురావు. కావున సర్వరు గది తలుపునకు మంచి తాళ ముండుట కూడ పరిపాలనలో భాగమే.

కాలము మాఱినది. లింక్ 2010 సర్వరునకు మైక్రోసాఫ్టు వారి పోషణ 2021లో ముగిసినది. స్కైప్ ఫర్ బిజినెస్ 2015, 2019 సర్వరులకు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అదే వరుసలో సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ అనునది 2025లో వచ్చినది. పలు కంపెనీలు టీమ్స్ అను వేఱు సేవకు మాఱినవి. అచ్చటను పరిపాలనకు తెర, ఆజ్ఞలు, పాత్రలు ఈ మూడును కలవు. ఆజ్ఞల పేర్లలో ఆ పాత సీఎస్ అను అక్షరములు నేటికిని నిలిచియున్నవి. కనుక మనవాడు నేర్చినది వృథా కాలేదు. అతనికి వేఱొక కొలువు దొరకినది. మొదటి ఆరునెలలు చూచు అధికారము మాత్రమే ఇచ్చిరి. అది చిన్నతనమని ఇంటివారు భావించిరి గాని, ఆ కంపెనీ పద్ధతి తెలిసినదని మేము వారికి చెప్పితిమి.

దసరా సెలవులలో అతడు వచ్చి మన కంప్యూటరు గదిని చూచినాడు. ఆ గదిలోని పదునొకండు యంత్రములకును ఒకే రహస్యపదము. అది గోడమీద సుద్దతో వ్రాసియున్నది! వ్రాయించినది మేమే. ఆ సాయంకాలమే దానిని తుడిపించి, సర్వాధికారమును కంప్యూటరు ఉపాధ్యాయునికి అప్పగించితిమి. పిల్లలకు వేఱు పేర్లు, గుమాస్తాకు వేఱు పేరు ఏర్పడినవి. ప్రధానోపాధ్యాయుని పేరుతో ఏమి చేయవచ్చునని అడుగగా, “మీరు అన్నీ చూడవచ్చు సార్, మార్చడానికి మాత్రం మమ్మల్ని పిలవండి” అని అతడు నవ్వుచు చెప్పినాడు. నాటినుండి అట్లే పిలుచుచున్నాము.