పంటకాపునకు తూటాను ఎన్నుకొనుట

మక్కజొన్న కంకి పాలుపట్టినది మొదలు కోతవఱకు అడవిపందుల బాధ యెట్టిదో, 2016లో విభజింపబడిన పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2012లో పులుల రక్షితప్రాంతమైన కవ్వాలు అడవి యంచున నున్న చేలలో మంద యొకటి దిగెనేని, తినుదానికంటె త్రొక్కి పాడుచేయునదే యెక్కువ. కావున తుపాకి గల పట్టాదారు “మిక్కిలి దూరము కొట్టు తూటా యేది?” యని విచారించుట సహజమే. అయినను పంటకాపునకు దూరము కొట్టు తూటా తగదు.

తుపాకి యంగడివారి పట్టీలను తెనిగించునపుడు ‘రేంజి’ యను నొక్క యింగ్లీషు మాటకు రెండు తెలుగు మాటలు వాడవలసివచ్చును. గుండు జంతువును పడగొట్టగల దూరము వేటుదూరము. తగిలినను తప్పినను అది పోగల దూరము పాఱుదూరము. అమ్మువాడు మొదటిదానినే చెప్పును. రెండవదానికి జవాబుదారి కాల్చినవాడు.

ఇషాపూరు కార్ఖానావారి 315 బోరు రైఫిలునకు వాడు తూటాలో గుండు 244 గ్రెయినుల తూకము గలది. గొట్టము విడుచునపుడు సెకనునకు సుమారు 2000 అడుగుల వేగముతో పోవును. నూఱు గజములకు మించి కూడ అది పందిని పడగొట్టును. తప్పెనా, మైలు దాటి పాఱగలదు. మైలులోపల ఎన్ని మంచెలు, ఎన్ని గుడిసెలు గలవో రైతే లెక్కించుకొనవలెను.

12 బోరు తుపాకి వేఱు. ఆ గొట్టమున బట్టు సీసపుగుండ్లు 12 కూడిన ఒక పౌను తూగును. అందుచే ఆ పేరు. దీని తూటాలలో ఎల్.జి. గుండ్లు ఔన్సునకు 6, ఎస్.జి. గుండ్లు ఔన్సునకు 8 తూగును. పందికి ఈ రెండే పనికివచ్చును. పిట్టలను కొట్టు సన్నని రవ్వలు చర్మమును గాయపఱచి జంతువును ఱెచ్చగొట్టుటయే గాని చంపవు. ఎల్.జి. యైనను ఎస్.జి. యైనను 30, 40 గజములు దాటినచో గుండ్లు చెదరిపోవును. ఇది లోపమని కొందఱందురు. చేనికి అది మేలే; అయినను తప్పిన గుండు కొన్ని వందల గజములు పోగలదు గనుక అజాగ్రత్త కూడదు.

తూటాకంటె ముఖ్యమైనది కాల్చు చోటు. లెక్క చూడుడు. పండ్రెండడుగుల మంచెపైనుండి 30 గజముల దూరమున, నేలకు రెండడుగుల యెత్తున నున్న పంది భుజమునకు గుఱిపెట్టి కాల్చితిరనుకొనుడు. తప్పిన గుండు ఇంక ఆఱు గజములలోనే నేల చేరును. అదే మనిషి నేలపై నిలిచి, అయిదడుగుల యెత్తునుండి నూఱు గజముల దూరమున కాల్చినచో, నేల తాకుటకు మఱి 60 గజములకు పైగా పోవలెను. వాలు మిక్కిలి తక్కువగుటచే ఎండిన రేగడిపై తాకి మరల నెగయును. వెనుక గట్టుగాని గుట్టగాని లేని చదునుచేలలో దీనినే భయపడవలెను.

చీకటిలో అలికిడిని బట్టి కాల్చుట యెన్నడును తగదు. కంకి కదలించునది పందియు కావచ్చును, నీరు కట్టుటకు వచ్చిన ప్రక్కచేని పాలేరును కావచ్చును. దీపపు వెలుగున తలయు భుజమును స్పష్టముగ కనబడినగాని గుఱ్ఱమును లాగరాదు. ఇక తీగలకు కరెంటు తగిలించుట తుపాకికంటె చెడ్డది. ఎవరు తగులుదురో చూచు కన్ను దానికి లేదు.

1959 నాటి ఆయుధముల చట్టము 13వ సెక్షను, పంటకాపు నిమిత్తము మూతినుండి మందు కూరు తుపాకిని ప్రత్యేకముగ పేర్కొన్నది. అట్టి తుపాకికి మందు పాళము మించినచో గొట్టము పగిలి కాల్చువాని చేయియే పోవును. లైసెన్సున్నంత మాత్రమున వేటకు హక్కు కలుగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పంటకు నష్టము చేయు పందిని చంపుటకు సైతము అధికారము గల యుద్యోగి వ్రాతపూర్వకమగు అనుజ్ఞ కావలెను. అట్లు చంపిన పంది 39వ సెక్షను ప్రకారము సర్కారు సొత్తు. మాంసమును పంచుకొనిన వారందఱును నేరస్థులగుదురు. గాయపడి తప్పించుకొనిన పందిని రాత్రి చేనిలో వెంబడింపక, తెల్లవారినపిదప అడవి సిబ్బందికి తెలిపి వారితో కూడ వెదకవలెను.