నక్షత్రాల నడుమ చదరంగం

మన పెద్దలు ఆడిన ఆటలలో రెండు రకాలు ఉన్నాయి. కబడ్డీ, బిళ్ళంగోడు వంటివి ఒంటి బలంతో, చురుకుదనంతో ఆడే ఆటలు. చదరంగం, పులిజూదం వంటివి ఆలోచనతో ఆడే ఆటలు. పులిజూదం చూడడానికి చిన్న ఆటే. అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి, గులకరాళ్ళతో ఆడవచ్చు. ఒకవైపు 3 పులులు, మరొకవైపు 15 మేకలు. పులికి బలం ఉంది. మేకలకు సంఖ్య ఉంది. ఒంటరిగా చిక్కిన మేకను పులి తింటుంది. కలసికట్టుగా నిలిచిన మేకలు పులిని కదలకుండా కట్టివేస్తాయి. ఎదుటివాడు ఏమి చేయగలడో ముందే ఊహించి మన ఎత్తు వేయడాన్నే వ్యూహం అంటారు.

ఇటువంటి వ్యూహక్రీడలు కంప్యూటర్‌లోకీ వచ్చాయి. వాటిలో కొన్నింటికి అంతరిక్షమే రణరంగం. గ్రహాలే కోటలు, నౌకలే సేనలు. ఆడేవారు ఒకే గదిలో ఉండనక్కరలేదు. ఒకే దేశంలో కూడా ఉండనక్కరలేదు. పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరిద్దరు పట్టుదలతో తయారుచేసిన ఆటలూ వీటిలో ఉన్నాయి. వాటిని స్వతంత్ర క్రీడలు అంటారు.

సాకు మిగలని రోజు

అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థకు 1961లో ఒక కంపెనీ పి.డి.పి.-1 అనే కంప్యూటర్‌ను విరాళంగా ఇచ్చింది. అటువంటి యంత్రం ధర ఆనాడు దాదాపు 1,20,000 డాలర్లు. దానికి గుండ్రని తెర ఉండేది. ఆ యంత్రం ఎంత పని చేయగలదో అందరికీ చూపాలని అక్కడి యువకులు కొందరు తలచారు. రెండు అంతరిక్ష నౌకలు తలపడే ఆటను తయారుచేయాలని అనుకున్నారు. ప్రోగ్రాం రాసే బాధ్యత స్టీవ్ రస్సెల్ మీద పడింది.

రస్సెల్ చాలా రోజులు పని మొదలుపెట్టలేదు. నౌకను తిప్పడానికి సైన్, కొసైన్ లెక్కలు కావాలి, వాటిని చేసే ప్రోగ్రాం తన దగ్గర లేదు అని చెబుతూ వచ్చాడు. అతని మిత్రుడు అలన్ కొటోక్ ఊరుకోలేదు. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీకి స్వయంగా వెళ్ళి, ఆ ప్రోగ్రాం ఉన్న కాగితపు టేపును తెచ్చి రస్సెల్ ముందు పెట్టాడు. ఇక సాకు మిగలలేదు. 1962లో ‘స్పేస్‌వార్’ అనే ఆట సిద్ధమైంది.

తరువాత ఒక్కొక్కరు ఒక్కొక్కటి జోడించారు. పీటర్ శాంసన్ నిజమైన ఆకాశంలోని నక్షత్రాలను వాటి వాటి స్థానాలలో చూపే ప్రోగ్రాం రాశాడు. డాన్ ఎడ్వర్డ్స్ తెర మధ్యనున్న నక్షత్రానికి గురుత్వాకర్షణ శక్తిని కల్పించాడు. దానితో ఆట స్వభావమే మారిపోయింది. వేగంగా మీటలు నొక్కినంత మాత్రాన గెలుపు రాదు. ఆ ఆకర్షణకు చిక్కకుండా, దాన్నే ఉపయోగించుకొని నౌకను మళ్ళించాలి. ఆలోచనకు చోటు దొరికింది. ఈ ఆటను వారు అమ్ముకోలేదు. అడిగినవారికి ఉచితంగా ఇచ్చారు.

ఒకే ఆకాశంలో ముప్ఫైరెండుగురు

స్పేస్‌వార్ ఆడేవారు ఒకే యంత్రం ముందు కూర్చోవాలి. ఈ హద్దు త్వరలోనే తొలగింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ‘ప్లేటో’ అనే విద్యాబోధన కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. దూర ప్రాంతాలలోని తెరలు కూడా ఒకే పెద్ద కంప్యూటర్‌కు కలపబడి ఉండేవి. దాని మీద జిమ్ బోవరీ 1974లో ‘స్పాసిమ్’ అనే ఆట రూపొందించాడు. 4 గ్రహవ్యవస్థలు, ఒక్కొక్క దానిలో 8 మంది చొప్పున 32 మంది ఒకేసారి ఆడవచ్చు.

మొదట అది యుద్ధమే ప్రధానమైన ఆట. కొద్ది నెలలలోనే బోవరీ దానిని మార్చాడు. కొత్త ఆటలో దూరంగా ఉన్న ఒక గ్రహాన్ని చేరడమే లక్ష్యం. అందుకు తగిన వనరులు కూడబెట్టాలి. ఇతరులతో పోటీపడవచ్చు, సహకరించవచ్చు. వనరులను సరిగా నిర్వహించకపోతే సొంత గ్రహంలోని ప్రజలే తిరుగుబాటు చేస్తారు. శత్రువును జయించడమే కాదు, తన వారిని చక్కగా పాలించడం కూడా వ్యూహంలో భాగమేనని ఈ ఆట చూపింది.

ఇంట్లో తయారైన విశ్వం

1992లో టిమ్ విస్సెమన్ అనే అమెరికన్ ‘వి.జి.ఎ. ప్లానెట్స్’ అనే అంతరిక్ష వ్యూహక్రీడను వెలువరించాడు. 11 మంది వరకు ఆడవచ్చు. అప్పటికి ఇంటింటా ఇంటర్నెట్ లేదు. ఆడేవాడు తన ఇంట్లో తీరికగా ఆలోచించి, ఏ నౌక ఎక్కడికి వెళ్ళాలో, ఏ గ్రహంలో ఏమి కట్టాలో నిర్ణయించి, ఆ ఆజ్ఞలన్నీ ఒక ఫైలుగా చేసి టెలిఫోన్ తీగ ద్వారా పంపేవాడు. అందరి ఫైళ్ళు చేరిన తరువాత ‘హోస్టు’గా ఉన్న కంప్యూటర్ ఫలితాలు లెక్కించి, ఎవరి ఫలితం వారికి పంపేది. ఎవరికి కనిపించవలసినంత వారికే కనిపించేది. చదరంగం ఉత్తరాల ద్వారా ఆడే పద్ధతికి, దీనికి పోలిక ఉంది.

ఆజ్ఞ ఒక్కటే ప్రయాణిస్తుంది

ఎత్తుకు ఎత్తుకు మధ్య విరామం లేకుండా సాగే ఆటలో సమస్య మరింత కఠినం. నాందేడ్ జిల్లాలో, కిన్వట్ ప్రక్కనున్న గోకుందలో ఒక విద్యార్థి, ఆదిలాబాదులో అతని బావ ఇంటర్నెట్ ద్వారా ఆడుతున్నారనుకుందాం. ఇద్దరికీ కలిపి 1,000 నౌకలు ఉన్నాయి. ప్రతి నౌక స్థితిని సెకనుకు 10 సార్లు పంపితే 10,000 వివరాలు పంపవలసి వస్తుంది. సన్నని దారిలో అంత బరువు సాగదు.

దీనికి ఉత్తరాల చదరంగమే ఉపాయం చెబుతుంది. కార్డు మీద ఎవరూ బల్లనంతా గీసి పంపరు. ఏ పావు ఏ గడికి కదిలిందో మాత్రమే రాస్తారు. అందుకున్నవారు తమ బల్ల మీద ఆ పావును కదుపుతారు. అదేవిధంగా కంప్యూటర్‌లు కూడా ఆజ్ఞలు మాత్రమే పంపుకుంటాయి. మిగిలిన లెక్కలన్నీ రెండు యంత్రాలూ విడివిడిగా చేసుకుంటాయి. ఆజ్ఞ దారిలో ఉండే కొద్దిపాటి ఆలస్యాన్ని కప్పడానికి, దాన్ని వెంటనే అమలుచేయక, కొంచెం ఆగి రెండుచోట్లా ఒకే వంతులో అమలుచేస్తాయి. 1997లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అనే చారిత్రక వ్యూహక్రీడ ఈ పద్ధతినే పాటించింది.

అయితే రెండు యంత్రాల లెక్క అణువంత కూడా తేడా రాకూడదు. ఒకచోట నౌక వెంట్రుకవాసిలో తప్పించుకొని, మరొకచోట కూలిపోతే ఏమవుతుంది?

“బావా, నీ పెద్ద నౌక కూలిపోయిందిగా!”

“లేదురా, అది నీ గ్రహం మీదికే వస్తోంది చూడు.”

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. వారు ఆడుతున్నది ఒక ఆట కాదు, రెండు ఆటలు. అందుచేత యంత్రాలు అప్పుడప్పుడు తమ లెక్కల సారాంశాన్ని ఒక సంఖ్యగా మార్చి సరిచూసుకుంటాయి. తేడా కనబడితే ఆట ఆగవలసిందే.

మరొక చిక్కు ఉంది. ఈ పద్ధతిలో ప్రతి యంత్రానికీ అన్ని నౌకల జాడ తెలుసు. మోసగాడు ప్రోగ్రాంను మార్చి ఎదుటివాని రహస్యం చూడగలడు. హోస్టు పద్ధతిలో రహస్యం భద్రంగా ఉంటుంది. కాని ఆ హోస్టు యంత్రాన్ని ఎవరో ఒకరు నడుపుతూ ఉండాలి. దానిని తయారీదారు ఒక్కడే నడిపితే, అతడు ఆపిన రోజున ఆట కూడా ఆగిపోతుంది. వి.జి.ఎ. ప్లానెట్స్‌లో హోస్టును ఆడేవారే నడుపుకోగలిగారు.

స్వతంత్రంగా ఆట చేసేవాడు ఈ విషయాన్ని మొదటిరోజే తేల్చుకోవాలి. బొమ్మలు, రంగులు తరువాత మార్చుకోవచ్చు. పునాదిని ఇల్లు కట్టిన తరువాత మార్చడం కష్టం. ఒకే ఒక్క నౌకతో తప్పక గెలిచే మార్గం ఉంటే తక్కినవన్నీ వృథా కనుక, పులికీ మేకకూ ఉన్నటువంటి సమతూకం కూడా సాధించాలి. అందుకు వందలసార్లు ఆడి చూడడం తప్ప వేరే దారి లేదు. మహారాష్ట్రలోని పూణేలో ఒక చిన్న సంస్థ రూపొందించిన ‘రాజీ’ అనే ఆట 2020లో వెలువడి అనేక దేశాలకు చేరింది. అది ఒక్కరు ఆడే సాహసక్రీడ. పలువురు ఆడే వ్యూహక్రీడకు శ్రమ ఇంకా ఎక్కువ.

ఈ శ్రమ ప్రారంభించడానికి మాత్రం కంప్యూటర్ అవసరం లేదు. గళ్ళ కాగితం ఆకాశమవుతుంది. గులకరాళ్ళు గ్రహాలు, చింతగింజలు నౌకలు. నలుగురు ఆజ్ఞలు రాసి చీటీలు మడిచి ఇస్తే, ఐదవవాడు హోస్టుగా నిలిచి పక్షపాతం లేకుండా ఫలితం చెప్పాలి. నియమాలలోని లోపాలు అక్కడే బయటపడతాయి. కాగితం మీద నిలబడని ఆట కంప్యూటర్‌లోనూ నిలబడదు.

అభ్యాసం

1. గురుత్వాకర్షణ చేరిన తరువాత స్పేస్‌వార్ ఆట ఏ విధంగా మారింది?
2. స్పాసిమ్ రెండవ రూపంలో మంచి పాలన ఎందుకు అవసరమైంది?
3. “ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.” ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
4. ఆజ్ఞలు మాత్రమే పంపే పద్ధతికి, హోస్టు పద్ధతికి గల మేలు, కీడులను పోల్చి రాయండి.
5. సొంత వాక్యాలలో ప్రయోగించండి: వెంట్రుకవాసి, కలసికట్టుగా, పక్షపాతం, సమతూకం.
6. కృత్యం: ఐదుగురు కలసి కాగితం మీద ఒక అంతరిక్ష వ్యూహక్రీడను తయారుచేసి ఆడండి. మీకు కనబడిన లోపాలను, వాటిని సరిదిద్దిన తీరును పది వాక్యాలలో రాయండి.