సాయంత్రం నిప్పు, పొద్దున ఆకు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి నందిగామ మీదుగా సాగి, చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేటకు దారి ఇచ్చి, గరికపాడు దాటాక తెలంగాణలో అడుగుపెడుతుంది. పొద్దువాలితే ఈ దారి పొడవునా బొగ్గుల వాసనే. దాబాల్లో తందూరి, ఊళ్లో బండి మీద సీకులు, ఫంక్షన్ హాళ్లలో లైవ్ కౌంటర్లు. ఈమధ్య ఇంటి దొడ్లోనే నాలుగు బల్లలు వేసి కోడి, చేప కాల్చి పెట్టేవాళ్లూ వచ్చారు. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగాక రెండో సంపాదన వెతుక్కునేవాళ్లు, దాబాలో ప్లేట్లు తీస్తూ గ్రిల్లు మాస్టరు కావాలని చూసే కుర్రాళ్లు, డ్వాక్రా అప్పుతో ఏదైనా మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లు తరచూ ఒకటే అడుగుతారు: మసాలా ఏం కలపాలి?

మసాలా ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. ఈ పనిలో డబ్బు మిగిల్చేది, ముంచేది వేళ. బొగ్గు ఎప్పుడు అంటించాలి, కొత్తిమీర ఎప్పుడు కొనాలి, ఎప్పుడు వెయ్యాలి, ముక్క ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తియ్యాలి అన్నది తెలిసినవాడే మాస్టరు. కాబట్టి ఈ సలహాలన్నీ గడియారం చుట్టూనే తిరుగుతాయి.

నిప్పు పండేదాకా ఆగండి

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు మంట మీద కాల్చడం. గిరాకీ వచ్చి నిలబడితే తొందర పుడుతుంది. మంట మీద పెట్టిన ముక్క పైన నల్లబడుతుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. కాల్చాల్సింది సెగ మీద. బొగ్గు అంటుకున్నాక నల్లదనం పోయి, పైన పల్చగా తెల్లబూడిద పట్టి, లోపల ఎర్రగా కణకణలాడాలి. అందుకు అరగంట పడుతుంది. ఏడు గంటలకు మొదటి ప్లేటు ఇవ్వాలంటే ఆరింటికే అంటించండి.

పెద్ద నూనె డబ్బాకు అడుగున బెజ్జాలు కొట్టి, కింద కాగితం, పైన బొగ్గు పేర్చి ముట్టిస్తే గాలి కింద నుంచి లాగి తొందరగా రాజుకుంటుంది. కిరసనాయిలు పోస్తే ఆ కంపు ముక్కకు పడుతుంది. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, టైరు ముక్కలు పొయ్యి దరిదాపులకు రానివ్వకండి. తుమ్మ బొగ్గు మన దగ్గర సులువుగా దొరుకుతుంది. గట్టిది కొనండి, రెండు ముక్కలు తట్టి చూస్తే ఖంగుమనాలి. తేమ తగిలిన బొగ్గు పొగ పెడుతుంది, చిటపటలాడి నిప్పురవ్వలు ఎగరేస్తుంది. వానాకాలంలో బస్తాను నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి.

నిప్పులన్నీ ఒకే ఎత్తున పరచకండి. పొయ్యిలో ఒక పక్క దట్టంగా, రెండో పక్క పల్చగా ఉండాలి. దట్టమైన పక్క పైపైన రంగు రావడానికి, పల్చని పక్క లోపల ఉడకడానికి. నూనె కారి మంట లేస్తే నీళ్లు చల్లొద్దు, బూడిద ఎగిరి ముక్కల మీద పడుతుంది. ముక్కను పల్చని పక్కకు జరపండి, చాలు.

కోడి ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. మాంసంలో గుచ్చే చిన్న థర్మామీటరు కొనుక్కోండి. తొడ ముక్కలో లావుపాటి చోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. కొన్నాళ్లు పోతే చేతికి అంచనా వస్తుంది. అప్పుడూ ప్రతి విడతలో ఒక ముక్క కొలవండి. దించాక అయిదు నిమిషాలు ఆగి కోస్తే రసం ముక్కలోనే నిలుస్తుంది.

ఆకుల్లో రెండు జాతులు

కాల్చిన వంకాయ పచ్చడి చేసే ఇల్లాలికి ఈ విద్య ఎప్పుడో తెలుసు. వంకాయను నిప్పుల మీద పెడుతుంది, కొత్తిమీరను మాత్రం చివర్లో రోట్లో వేస్తుంది. ఆకును నిప్పుల మీద పెడితే మిగిలేది కమురు వాసనే.

కరివేపాకు, వాము ఆకు, నిమ్మగడ్డి సెగకు ఆగుతాయి. కరివేపాకును నూనెలో వేయించి పొడి చేసి ముక్కకు పట్టించవచ్చు. నిమ్మగడ్డి కాడను చితక్కొట్టి చేప పొట్టలో దూర్చి కాల్చవచ్చు. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, సోయకూర మెత్తని జాతి. వీటిని ముద్దగా నూరి పెరుగులో కలిపితే ముక్కను అంటిపెట్టుకుని కొంత వేడికి ఓర్చుకుంటాయి. ఆకుగా అయితే ప్లేటులో పెట్టేటప్పుడే చల్లాలి.

కొత్తిమీర కట్ట కొంటే కాడలు పారేయకండి. వాసన అక్కడే ఎక్కువ. కాడలు ముద్దలోకి, ఆకులు పైన చల్లడానికి. ఈ ఒక్క పద్ధతితో కొనే కట్టలు తగ్గుతాయి. ముద్ద నూరేటప్పుడు చల్లని నీళ్లు, కాస్త నిమ్మరసం పోస్తే పచ్చదనం నిలుస్తుంది. మిక్సీ ఆపకుండా తిప్పితే వేడెక్కి ముద్ద నల్లబడుతుంది.

ఆకు పొద్దున్నే కొనండి. ఎండెక్కాక మార్కెట్లో దొరికేది వాడిపోయి, మళ్లీ నీళ్లు చల్లిన సరుకు. ఇంటికి తెచ్చాక మట్టి, ఇసుక పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి, తడి పూర్తిగా ఆరాక గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తడి ఆకు సాయంత్రానికే కుళ్లుతుంది.

ఇక్కడ నడివేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు కొత్తిమీర త్వరగా పూతకు వచ్చేస్తుంది, ధర కొండెక్కుతుంది. దొడ్లో చోటుంటే పుదీనా కాడలు నాటుకోండి, మధ్యాహ్నం నీడ పడేచోట నీరు నిలవకుండా చూస్తే ఏడాది పొడవునా వస్తుంది. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి, పది పదిహేను రోజులకో మడి చొప్పున చల్లుకుంటే వరసగా కోతకు అందుతుంది. వేసవిలో పైన షేడ్‌నెట్ కట్టాలి. గరికపాడులో ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఆకుకూరల సాగులో సందేహాలు వస్తే అక్కడే అడగొచ్చు. రోజ్‌మేరీ, థైమ్ లాంటి సీమ ఆకుల జోలికి పోకండి. మన ఎండకు నిలవవు, మన నాలుకకు కొత్త కూడా. చింతచిగురు వచ్చే రోజుల్లో కాల్చిన కోడికి చిగురు పచ్చడి జత చేయండి. మిగతా నెలల్లో గోంగూర ఉండనే ఉంది. పట్నంలో గ్రిల్లు పెట్టినవాడికి ఇంత తేలిగ్గా దొరకని సరుకు ఇది.

ఏ నెలలో ఏది

కార్తీకమాసంలో మాంసం గిరాకీ పడిపోతుంది. శని, సోమవారాల్లో ఏడాది పొడవునా కొంత తగ్గుతుంది. ఆ రోజులకు పనీర్, పుట్టగొడుగులు, చిలగడదుంప, మొక్కజొన్న పొత్తులు సిద్ధంగా ఉంచుకోవాలి. వానాకాలంలో లేత పొత్తులకు మించిన బేరం లేదు. నిమ్మచెక్కతో ఉప్పు, కారం రుద్ది, సన్నగా తరిగిన పుదీనా చల్లితే పక్కబండి పొత్తుకంటే పది రూపాయలు ఎక్కువ పలుకుతుంది.

సంక్రాంతి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు చిల్లకల్లు, కీసర టోల్‌ప్లాజాల దగ్గర బారులు తీరతాయి. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు జనం పోటెత్తుతారు. ఇలాంటి రోజుల కోసం బొగ్గు, విస్తళ్లు నెల ముందే కొని పెట్టుకోవచ్చు. మాంసం, ఆకు మాత్రం ఏ రోజుకారోజే. రద్దీ చూసి హైవే అంచున బండి పెట్టకండి. అది జాతీయ రహదారి స్థలం, పైగా ఆగే కార్లకు, మీకు ప్రాణాపాయం. లోపలికి బండి తిప్పుకునే చోటున్న దొడ్డిని అద్దెకు మాట్లాడుకోండి.

తిన్నవాడు రేపూ రావాలంటే

కోడి ముక్కలకు పొద్దున్నే మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి అందుతుంది. చేపకు అరగంట చాలు. నిమ్మరసంలో ఎక్కువసేపు నానితే పైపొర తెల్లబడి విరిగిపోతుంది. నానబెట్టడం ఎప్పుడూ చల్లటి చోటే, 5 డిగ్రీల లోపు. బయట 32 డిగ్రీలు దాటితే పచ్చిమాంసం గంటకు మించి బయట ఉండకూడదు. మన దగ్గర చాలా నెలలు సాయంత్రం ఏడింటికి కూడా ఆ వేడి ఉంటుంది. ఐసు పెట్టెలోంచి ఏ ఆర్డరుకు ఆ ఆర్డరే తీయండి.

పచ్చిమాంసం ముట్టిన కత్తి, పళ్లెం, చెయ్యి ఆకుల దగ్గరికి రాకూడదు. ముక్క కాలుతుంది కాబట్టి దాని మీది క్రిములు చస్తాయి. పైన చల్లిన కొత్తిమీర కాలదు. పుదీనా పచ్చడి ఏ పూటకాపూట చేసి, మిగిలింది పారబోయండి. పచ్చిగుడ్డు మయోనైజ్ వద్దే వద్దు. దానివల్ల జబ్బులు వస్తున్నాయని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది, తర్వాత తమిళనాడూ అదే దారి పట్టింది. పెరుగులో నూరిన పుదీనా, పచ్చిమిర్చి ఉండగా మనకు దాని అవసరమేమిటి? రంగుల సంగతీ అంతే. కర్ణాటక 2024 జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులు వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. మిర్చి పండే ప్రాంతంలో ఉండి డబ్బా రంగు కలిపితే నవ్విపోతారు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న మిర్చి చూసి పట్టించుకోండి.

పార్సిల్ న్యూస్‌పేపర్లో చుట్టకండి, సిరా తిండికి అంటుతుంది. అరిటాకు, విస్తరాకు చవక, చూడ్డానికీ బాగుంటాయి.

మీ ఒంటి సంగతి. నూలు బట్టలే వేసుకోండి, టెర్లిన్ చొక్కా నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుపోతుంది. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, పసుపు పూయకుండా ఇరవై నిమిషాలు పారే చల్లటి నీటి కింద పెట్టండి. ఇసుక బక్కెట్టు పొయ్యి పక్కనే ఉండాలి. చుట్టుపక్కల పత్తి, మిర్చి ఆరబోసి ఉంటే గాలివాటం చూసుకోండి. వాన వచ్చిందని కుంపటిని మూసిన గదిలోకి తేకండి. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే చంపుతుంది.

కాగితాలు

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం చిన్న తిండి వ్యాపారికీ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫాస్కాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవచ్చు. మీకిచ్చే 14 అంకెల నంబరును అందరికీ కనబడేలా పెట్టండి. ఫంక్షన్ హాలు వాళ్లు ముందు అడిగేది అదే. ఊళ్లో బండి పెడితే 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రం కోసం పురపాలక కార్యాలయానికి వెళ్లండి. అది ఉంటే పీఎం స్వనిధి అప్పుకు దారి దొరుకుతుంది. 2025లో మార్చిన పద్ధతి ప్రకారం మొదటి విడత 15 వేల రూపాయల దాకా ఇస్తారు. దాన్ని సమయానికి తీరిస్తేనే పెద్ద విడత.

లెక్క

ధరలు రోజూ మారతాయి, లెక్క పద్ధతి మారదు. ఉదాహరణకు శుభ్రం చేసిన కోడి కిలో 240 రూపాయలనుకుందాం. 10 కిలోలకు 2,400. కాల్చాక నీరు, కొవ్వు పోయి సుమారు ఏడున్నర కిలోలు తేలుతుంది. ప్లేటుకు 200 గ్రాములు పెడితే 37 ప్లేట్లు. ఒక్కో ప్లేటులో కోడి ఖర్చే 65 రూపాయలు. పెరుగు, మసాలా, ఆకు, బొగ్గు, విస్తరి కలిపి మరో 20 వేసుకుంటే 85. సరుకు ఖర్చు అమ్మే ధరలో మూడో వంతు దాటకూడదన్నది తిండి వ్యాపారంలో పాత సూత్రం. మిగతాది అద్దె, కూలి, కరెంటు, మీ జీతం. అంటే ఆ ప్లేటు 250కి అటూ ఇటూ అమ్ముడుపోవాలి. మీ ఊళ్లో అంత పలకదనుకుంటే ప్లేటు 150 గ్రాములు చేయండి, లేదా పొత్తులు, చిలగడదుంపలతో కలిపి పెట్టండి. నష్టానికి అమ్మి పేరు తెచ్చుకుంటామనుకోవద్దు.

మిగిలిపోయిన ప్లేటు అసలు ధరకు 85 రూపాయల నష్టం. రాత్రికి అయిదు మిగిలితే 425. అందుకే మొదట్లో ముందే ఆర్డరు తీసుకుని కాల్చండి. మధ్యాహ్నం వాట్సాప్‌లో పేరు, ప్లేట్లు, వేళ రాయించుకుని, దానికి రెండు మూడు ప్లేట్లు మించకుండా సరుకు తెచ్చుకోండి.

దాబాలో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. వంటగదిలో ఎవరూ నిలబడనిది పొయ్యి దగ్గరే, వేడి కాబట్టి. మాస్టరు రాకముందే బొగ్గు అంటించి, ఆకు ఏరి, కడిగి, ఆరబెట్టి ఉంచండి. రోజుకెన్ని కట్టలు వచ్చాయి, ఎన్ని పారేశారు అన్నది ఒక నోటుబుక్కులో రాయండి. పారబోత తగ్గించిన సహాయకుణ్ని యజమాని గుర్తుపెట్టుకుంటాడు. జీతం పెంచమని అడిగే రోజున ఆ పుస్తకం చూపించండి.

ఉద్యోగం ఉన్నవాళ్లు దాన్ని ఇప్పుడే వదలొద్దు. మూడు నెలలపాటు ఆదివారాలు మాత్రమే దొడ్లో కాల్చి అమ్మండి. కొన్నది, అమ్మింది, పారేసింది మూడు వరసల్లో రాయండి. మీ గంటలకు కూలి కట్టుకున్నాక కూడా లాభం తేలి, ఆదివారం ఆర్డర్లు శుక్రవారానికే నిండుతుంటే రెండో రోజు తెరవండి. అలా వారంలో నాలుగు రోజులు నిండి, ఒక కార్తీకమాసం కూడా గడిచి, ఆ నెలలోనూ మీ లెక్క నష్టం చూపకపోతే అప్పుడు షిఫ్టు మానే సంగతి ఇంట్లో మాట్లాడండి.