ఆట అందరిదీ – మరి లెక్క ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తీసుకువెళ్ళిన రైతు చీటీ చూసుకోకుండా ఇంటికి రాడు. కాటా ఎంత, ధర ఎంత, కమీషను ఎంత, హమాలీ ఎంత, చివరికి చేతికి వచ్చింది ఎంత అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు. చదువు రాకపోతే పక్కవారి చేత చదివించుకుంటాడు. మన ఇళ్ళలో పుట్టి పెరిగిన వారందరికీ ఇది తెలిసిన సంగతే. కాని ఆటల దగ్గరకు వచ్చేసరికి మనం ఈ అలవాటును మరచిపోతున్నాం. ఎవరు గోలు కొట్టారో మనకు తెలుసు. ఆ జట్టు ఎవరిదో తెలియదు. స్టేడియంలో కొత్త కుర్చీలు వేశారని తెలుసు. ఆ డబ్బు ఎవరిదో, ఎంత ఖర్చయిందో తెలియదు.

మిత్రులారా! క్లబ్బు యాజమాన్యం, స్టేడియం నిధులు అనగానే ఇది పెద్దవాళ్ళ వ్యవహారం, మనకెందుకు అనిపించవచ్చు. ఇది మన వ్యవహారం కూడా అని చెప్పడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

ఒక జట్టు వచ్చింది, వెళ్ళిపోయింది

మన తెలుగువారికి ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఏషియన్ క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ పోలీసు జట్టు ఎవరిది అని అడగవలసిన అవసరం అప్పుడు ఎవరికీ రాలేదు. అది ఒక ప్రభుత్వ శాఖ జట్టు.

2019 నాటికి కాలం మారింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె నగర జట్టు మూతపడింది. దాని స్థానంలో ఆ సంవత్సరమే హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. ఇది ఒక ప్రైవేటు కంపెనీ జట్టు. మొదటి సీజనులో చివరి స్థానంలో నిలిచింది. తరువాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ శిక్షకుని చేతిలో బాగా ఎదిగింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3-1తో ఓడించి ఛాంపియన్ అయింది. ఆ రోజు గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపిన తీరు చూసినవారు మరచిపోలేరు.

ఆ విజయం జరిగి రెండేళ్ళు తిరగక ముందే పరిస్థితి తలకిందులైంది. జీతాలు అందడం లేదని ఆటగాళ్ళు, సిబ్బంది బయటపెట్టారు. బకాయిలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఫిఫా ఆంక్ష పెట్టింది. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రవాళ్ళతోనే జట్టు 2023-24 సీజను పూర్తి చేసి మళ్ళీ చివరి స్థానానికి చేరింది. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు జట్టును కొన్నది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి? డబ్బు లేకపోవడం నేరం కాదు. ఫుట్‌బాల్ క్లబ్బు నడపడం మన దేశంలో లాభసాటి పని కాదు. అందులో డబ్బు పెట్టిన యజమానికి నష్టం కూడా వస్తుంది. కాని కష్టం మొదలైన సంగతి జీతాలు ఆగిపోయిన తరువాత గాని అభిమానికి తెలియలేదు. అమ్మకం జరిగినప్పుడూ అతనిని ఎవరూ అడగలేదు, తరలింపు జరిగినప్పుడూ అడగలేదు. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పుణె వారి జట్టు పోయి మన దగ్గరకు జట్టు వచ్చినప్పుడు మనం చప్పట్లు కొట్టాం గాని, పుణె అభిమానుల గురించి ఆలోచించలేదు.

జట్టు పోయినా స్టేడియం ఉంటుంది

హైదరాబాద్ ఎఫ్.సి. ఆడిన మైదానం గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. 2002 జాతీయ క్రీడల కోసం ప్రభుత్వ సొమ్ముతో కట్టినది. బాలయోగి గారు కోనసీమ నుండి వెళ్ళి 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. మన హాస్టళ్ళలో చదివిన వారందరూ తలచుకోవలసిన పేరు అది.

జట్టు ప్రైవేటుది, స్టేడియం ప్రజలది. యజమాని మారితే జట్టు రైలెక్కి వెళ్ళిపోగలదు. స్టేడియం వెళ్ళలేదు. దాని గడ్డి, దీపాలు, మరుగుదొడ్లు, కరెంటు బిల్లు ప్రభుత్వం మీదే ఉంటాయి. కాబట్టి ప్రైవేటు జట్టుకు ప్రజల మైదానం ఇచ్చేటప్పుడు అద్దె ఎంత, ఎన్నాళ్ళకు, మరమ్మతులు ఎవరు చేయాలి, జట్టు వెళ్ళిపోతే బకాయి ఎవరు కట్టాలి అనే షరతులు అందరికీ తెలియాలి.

మరమ్మతుల డబ్బులోనే మసక

స్టేడియం నిధుల విషయంలో ఉప్పల్ క్రికెట్ స్టేడియం మరొక పాఠం. అది కంపెనీది కాదు, హైదరాబాద్ క్రికెట్ సంఘానిది. సంఘంలోని వివాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2023 ఫిబ్రవరిలో కోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారితో ఏకసభ్య కమిటీ వేసింది. స్టేడియానికి డీజిల్ జనరేటర్లు, అగ్నిమాపక పరికరాలు, పైకప్పులు కొనడంలో సుమారు రూ.20 కోట్ల మేర అవకతవకలు జరిగాయన్న ఆరోపణలపై అవినీతి నిరోధక శాఖ కేసులు పెట్టింది. వాటి ఆధారంగా 2023 నవంబరులో ఈడీ సోదాలు చేసింది. ఆరోపణ వేరు, రుజువు వేరు. అది తేల్చవలసింది న్యాయస్థానం. కాని జనరేటరు ధర, పైకప్పు టెండరు మొదటి రోజే నోటీసు బోర్డు మీద ఉంటే ఇంత దూరం వచ్చేదా అని మాత్రం మనం అడగవచ్చు.

ఇతర దేశాలలో ఏం చేశారు?

ఇంగ్లాండులో వింబుల్డన్ అనే పాత క్లబ్బు ఉండేది. దానిని సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చారు. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. ఆ సంవత్సరమే తామే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. బాగా కింది స్థాయి పోటీల నుండి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పైకి వచ్చారు. 2020 నవంబరులో పాత పేటలోనే కొత్త స్టేడియంలో అడుగుపెట్టారు. కట్టడానికి డబ్బు తక్కువైతే అభిమానుల వద్దే బాండ్ల రూపంలో 50 లక్షల పౌండ్లకు పైగా సేకరించారు.

జర్మనీలో ‘50+1’ అనే నియమం ఉంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, క్లబ్బులో సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలి. ఇంగ్లాండులో 2025లో ప్రత్యేక చట్టమే చేశారు. దాని ప్రకారం యజమాని అర్హతను, అతని డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదో ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ పరిశీలిస్తుంది. సొంత మైదానం అమ్మాలన్నా, తరలించాలన్నా ఆ సంస్థ అనుమతి కావాలి.

అయితే సభ్యులదే క్లబ్బు అయినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందని అనుకోకూడదు. స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బు సభ్యులదే. అయినా 2021లో దాని అప్పు 135 కోట్ల యూరోలు అని అధ్యక్షుడే ప్రకటించవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో స్టేడియం పునర్నిర్మాణానికి 150 కోట్ల యూరోల రుణం తీసుకోవచ్చా అని సభ్యులను ఓటు అడిగారు. వారు అంగీకరించారు. అప్పు పెద్దదే, కాని ఎంత తీసుకుంటున్నారో, దేనికి తీసుకుంటున్నారో తెలిసి వేసిన ఓటు అది. యజమాని ఒక్కరా, లక్షమందా అన్నదానికంటే లెక్క బయట ఉందా, లోపల ఉందా అన్నదే ముఖ్యం.

మన చేతిలో ఉన్న సాధనాలు

మొదటిది, సమాచార హక్కు చట్టం – 2005. మన రాష్ట్రంలో దరఖాస్తు ఫీజు మండల స్థాయిలో రూ.5/-, ఆ పై స్థాయిలో రూ.10/-. గ్రామ స్థాయిలో ఫీజు లేదు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారు ఎక్కడా కట్టనక్కరలేదు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ప్రైవేటు క్లబ్బును నేరుగా అడగలేకపోవచ్చు. కాని ఆ క్లబ్బుతో ప్రభుత్వం చేసుకున్న స్టేడియం ఒప్పందాన్ని ప్రభుత్వాన్ని అడగవచ్చు. వ్యాపార రహస్యమని నిరాకరించడానికి సెక్షన్ 8(1)(డి) ఉన్నది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతున్నది.

రెండవది, కంపెనీల రిజిస్టరు. క్లబ్బు కంపెనీ అయితే దాని డైరెక్టర్లు, వార్షిక లెక్కల పత్రాలను కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర రూ.100/- కట్టి ఎవరైనా చూడవచ్చు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 90 ప్రకారం, తెర వెనుక ఉండి పది శాతం లేదా అంతకు మించి వాటా అనుభవించే వ్యక్తి పేరును కూడా కంపెనీ నమోదు చేయాలి.

మూడవది, మన గ్రామాలకు అలవాటైన సామాజిక తనిఖీ. 2006 నుండి ఉపాధి హామీ పనులలో మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎవరి పేరున ఎంత రాశారు, చేతికి ఎంత వచ్చింది అని అందరి ముందు చదివారు. చెరువు పూడికకు పనికివచ్చిన పద్ధతి స్టేడియం మెట్లకు ఎందుకు పనికిరాదు?

అమరావతి వైపు చూస్తే

రాజధాని ప్రణాళికలో తొమ్మిది నగరాలు ఉన్నాయి. అందులో క్రీడా నగరం ఒకటి. రేపు అక్కడ స్టేడియాలు లేస్తాయి, క్లబ్బులు వస్తాయి. రావాలని మేము కూడా కోరుకుంటున్నాము. కాని ఆ నేల ఎక్కడి నుండి వచ్చిందో మరువకూడదు. 2015లో మొదలైన భూసమీకరణలో 29 గ్రామాల నుండి 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. అందులో పట్టా భూములు ఉన్నాయి, పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. ఆ చేలలో కూలికి వెళ్ళిన భూమిలేని కుటుంబాలకు నెలకు రూ.2,500/- పింఛను అని మొదట నిర్ణయించారు. ఆ కుటుంబాల పిల్లలు కూడా మన వంటి హాస్టళ్ళలోనే చదువుకుంటారు. రేపటి స్టేడియంలో వారికి టిక్కెట్టు కొనుక్కుని కూర్చునే చోటు మాత్రమే కాదు, లెక్క అడిగే హక్కు కూడా ఉండాలి.

మిత్రులారా! ఏ మైదానం చూసినా నాలుగు ప్రశ్నలు వేద్దాం. నేల ఎవరిది? డబ్బు ఎవరిది? నిర్ణయం ఎవరిది? నష్టం వస్తే భారం ఎవరిది?

ఈ అలవాటు మన దగ్గరి నుండే మొదలు కావాలి. మన వార్షికోత్సవానికి వసూలైన చందా ఎంత, పూర్వ విద్యార్థులు ఆట వస్తువులకు ఇచ్చింది ఎంత, బంతికి ఎంత, నెట్టుకు ఎంత, మిగిలింది ఎంత అని ఒక తెల్ల కాగితం మీద రాసి మెనూ బోర్డు పక్కన అంటిద్దాం. చిన్న లెక్క చెప్పడం నేర్చుకున్నవాడే రేపు పెద్ద లెక్క అడగగలడు.