వోటు వ్యర్థము కాని యెన్నిక

సంఖ్యాబలము లేనివారికి స్థానిక సభలలో చోటుండవలెనా? ఉండినచో ఏ లెక్క ప్రకారము? ఈ చర్చలో స్కాట్లండు దేశపు అనుభవము మనము తెలిసికొనదగినది.

అచ్చట 2003వ సంవత్సరపు ఎన్నికలలో గ్లాస్గో నగరసభ యందలి 79 స్థానములలో 71 లేబరు పక్షమునకే దక్కినవి. ఆ పక్షమునకు వచ్చిన వోట్లు మాత్రము సగమునకు లోపే. వార్డున కొక్క సభ్యుడే యుండుటయు, అందఱికంటె నెక్కువ వోట్లు పొందినవాడే గెలుచుటయు నిందులకు కారణము. అంతట 2004లో చట్టము చేసి, 2007 ఎన్నికలకు వార్డులను పెద్దవి చేసి, ఒక్కొక్కదానికి ముగ్గురు లేక నలుగురు సభ్యుల నేర్పఱచిరి. వోటరు తనకు నచ్చిన వరుసను అభ్యర్థుల పేర్ల యెదుట 1, 2, 3 అని అంకెలు వేయును.

లెక్క కొంచెము ఓపికతో చూడవలెను. ముగ్గురిని ఎన్నుకొను వార్డులో 1000 వోట్లు పడిన వనుకొందము. స్థానముల సంఖ్యకు ఒకటి చేర్చి, ఆ 4తో 1000ని భాగించి, వచ్చిన 250కి మఱియొకటి కలుపగా 251. ఇదియే గెలుపునకు కావలసిన కోటా. నలుగురికి ఇన్నేసి రావలెనన్న 1004 వోట్లు కావలెను గాన, ముగ్గురికి మించి దీని నందుకొనజాలరు. గెలిచినవాని మిగులు వోట్లు వాని వోటర్లు తరువాతి అంకె వేసినవారికి చెందును. అందఱికంటె వెనుకబడినవాని వోట్లును అట్లే మాఱును.

ఇక నొక కాలువ క్రింది గ్రామమును ఊహింపుడు. ఎగువ రైతుల వోట్లు 600, శివారు రైతులవి 400. మనిషికి మూడేసి వోట్లిచ్చినచో మూడు స్థానములును ఎగువవారివే. నీరందని శివారువారి మొఱ చెప్పువాడు సభలో నుండడు. కోటా లెక్కలో నెవరివారికే వారు అంకెలు వేసికొన్నను, ఎగువవారికి రెండు స్థానములు వచ్చును. మూడవదానికి 753 వోట్లు కావలెను, అవి లేవు. శివారువారి కొక స్థానము నిశ్చయము.

ఆక్షేపణలు లేకపోలేదు. వార్డు పెద్దదైన సభ్యుడు దూరమగును. ఒకే పక్షమువారిలో అక్షరక్రమమున పేరు ముందున్నవానికి లాభము కలుగుచున్నదని స్కాట్లండులోనే తేలినది. అచ్చట యంత్రములతో లెక్కింతురు. కన్నులెదుట లెక్కింపని వోటును రైతు నమ్ముట కష్టమని మేమును ఒప్పుకొందుము. ఐర్లండులో మాత్రము చేతులతోనే లెక్కించుచున్నారు, దినములు పట్టినను. వేఱొక విశేషము: స్కాట్లండులో 2003లో పోటీయే లేక నిండిన స్థానములు 61, 2007లో నొక్కటియు లేదు.

మన దేశమున రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఈ పద్ధతినే ఎన్నుకొందురు. గ్రామ పంచాయతీలలో వార్డున కొక్క సభ్యుడే గాన, వార్డులను కలిపిననే గాని దీనికి చోటు లేదు. కలుపుటకు గ్రామస్థు లొప్పుకొందురా యన్నదే అసలు చర్చ. మేము కలుపుట వైపే యున్నాము.