జాయింటు చూసి తప్పు చెప్పగలరా?

2015 ఆగస్టులో శ్రీసిటీ ఫాక్స్‌కాన్ ప్లాంటులో తయారైన షావోమీ ఫోన్లు మార్కెట్లోకి వచ్చాయి. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లోకి టీవీలు చేసే డిక్సన్ వచ్చింది. చిత్తూరు వైపు దిగువమాఘంలో అమరరాజా ఫ్యాక్టరీ ఉండనే ఉంది. సాల్డరింగ్ నేర్చుకుంటే వీటిలో ఉద్యోగం దొరుకుతుందా అని ఐటీఐ పిల్లలు అడుగుతుంటారు.

ఉన్నమాట చెప్పాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో బోర్డుకు చిన్న భాగాలను అతికించేది యంత్రాలే. మనిషి కావలసింది యంత్రం చేసిన తప్పును పట్టుకోవడానికి, రీవర్క్‌కు, ప్యానెల్ వైరింగ్‌కు, సర్వీసుకు. కాబట్టి మంచి జాయింటు పెట్టడం ఎంత ముఖ్యమో, చెడ్డదాన్ని కనిపెట్టడం అంతకన్నా ముఖ్యం.

మొదలుపెట్టడానికి 25 వాట్ల ఐరన్, సన్నటి 60/40 సాల్డర్ వైరు, పాడైన రేడియో బోర్డు ఒకటి చాలు. ఐరన్ మొనను ప్యాడుకూ, భాగం కాలికీ ఒకేసారి ఆనించి రెండు మూడు సెకన్లు ఉంచండి. ఆ తర్వాత వైరును మొనకు కాదు, వేడెక్కిన కాలికి తాకించండి. సాల్డర్ ప్యాడు మీదుగా వాలుగా పారి కాలిని చుట్టుకోవాలి. ముద్దలా పైన కూర్చుందంటే ప్యాడు వేడెక్కలేదు. మెకానిక్‌లు డ్రై సాల్డర్ అనేది దీన్నే. కాసేపు ఆడి ఆగిపోయే టీవీల్లో చాలాసార్లు దొరికే దొంగ ఇదే. ఎక్కువగా వాడే సీసం లేని సాల్డర్ 217 డిగ్రీల దగ్గర గానీ కరగడం మొదలుపెట్టదు, జాయింటు కూడా కాస్త మసకగా ఉంటుంది. అందుకే మెరుపు కాదు, పారిన తీరు చూడండి. గదిలో గాలి ఆడాలి, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

సాల్డరింగ్ చేయి తిరిగాక, ఇక రిలే, అంటే కాయిల్‌తో పనిచేసే స్విచ్. ఐదు కాళ్ల 12 వోల్టుల రిలేను ముందు మల్టీమీటరుతో చదవండి. కాయిల్ కాళ్ల మధ్య సుమారు 400 ఓములు చూపిస్తుంది. కామన్‌కూ ఎన్‌సీకీ (మామూలుగా కలిసి ఉండే కాలు) మధ్య బీప్ వస్తుంది, ఎన్‌ఓకు (మామూలుగా విడిగా ఉండే కాలు) రాదు. కాయిల్‌కు 12 వోల్టులిస్తే టక్‌మని లాగుతుంది, బీప్ ఎన్‌ఓ వైపు మారుతుంది. కాయిల్ తీసుకునేది 30 మిల్లీ ఆంపియర్లే అయినా మైక్రోకంట్రోలర్ పిన్ను మీద ఆ భారం వేయకూడదు, మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టాలి. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు, దాని గీత ప్లస్ వైపు ఉండేలా తప్పకుండా వేయాలి. అది లేకపోతే కాయిల్ ఆగిన క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజీకి ట్రాన్సిస్టర్ పోతుంది. నేర్చుకునేటప్పుడు లోడుగా 12 వోల్టుల బల్బు పెట్టుకోండి, 230 వోల్టుల జోలికి వెళ్లొద్దు.

మన జిల్లాల్లో ఈ విద్యకు అసలు గిరాకీ బోరు మోటార్ల దగ్గర. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు వైండింగ్ కాలుతుంది. లోతు బోరులోంచి మోటారు పైకి తీయడమంటే రైతుకు పెద్ద ఖర్చు. స్టార్టరులో ఉండే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్లోని రిలే, మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్ కాయిల్‌కు సరఫరా కోసి మోటారును కాపాడుతుంది. రిలే మీద 10 ఆంపియర్లు అని ఉందని మోటారును నేరుగా దానికి కట్టకండి. స్టార్టయ్యేటప్పుడు మోటారు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ భారం మోయాల్సింది కాంటాక్టరే. షిఫ్టు ఉద్యోగం వద్దనుకునేవారికి స్టార్టర్ల రిపేరు మంచి దారి అని నా అభిప్రాయం.

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడులు. ఆపై అప్రెంటిస్‌షిప్ తప్పక చేయండి. తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపు నోటిఫికేషన్లనూ గమనించండి. బోర్డుల నాణ్యతకు ఫ్యాక్టరీలు పాటించే ఐపీసీ-ఏ-610 ప్రమాణంలోని బొమ్మలు చూసుకోండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు మీ చేత్తో చేసిన రిలే బోర్డు ఒకటి పట్టుకెళ్లండి.