ఇంటర్ నుంచి అంతర్వేది దాకా

కాలేజీలో చేరిన మొదటి వారం ఎవరు కనబడినా అడిగే ప్రశ్న ఒకటే: "ఇంటర్ ఎక్కడ చేశావ్?" మనం ఠక్కున కాలేజీ పేరు చెప్పేస్తాం. రెండేళ్ళు నిద్ర మానుకుని చదివాం గానీ, అసలు "ఇంటర్" అనే మాటకి అర్థమేంటని ఒక్కరోజూ ఆలోచించలేదు. మొన్న మన క్లబ్బు సమావేశంలో ఒక ఫస్టియర్ తమ్ముడు అడిగాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. "అన్నా, ఇక్కడ ఏ సబ్జెక్టు తెరిచినా ఇంటర్‌తో మొదలయ్యే మాటలే. ఇంటర్‌ఫేస్, ఇంటరప్ట్, ఇంటర్‌ఫియరెన్స్... అన్నీ విడివిడిగా బట్టీ కొట్టాలా?" అన్నాడు.

అక్కర్లేదు తమ్ముడూ. ఆ మాట నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

అంతర్, ఇంటర్: అక్కచెల్లెళ్ళు

సంస్కృతంలో "అంతర్" అంటే లోపల, నడుమ. లాటిన్‌లో "ఇంటర్" అంటే నడుమ. ఈ రెండూ ఒకదాన్నుంచి ఒకటి అప్పు తెచ్చుకున్నవి కావు, ఒకే తల్లి కడుపున పుట్టినవి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఇచ్చిన ప్రసంగంలో అన్నాడు. ఆ చుట్టరికానికి మన చేతికి దొరికే రుజువుల్లో ఈ మాట ఒకటి.

మిగతా చుట్టాలు కూడా ఉన్నారు. పారసీకంలో ఇదే మాట "అందర్". హిందీ సినిమాల్లో "అందర్ ఆవో" అని వింటామే, అదే. ఫ్రెంచిలో లాటిన్ "ఇంటర్" కాస్తా "ఆంత్ర్" అయింది. మన కాలేజీ ఈ-సెల్ వాళ్ళు రోజూ పలికే "ఆంత్రప్రెన్యూర్"లో ముందున్నది అదే. గ్రీకులో "ఎంటెరాన్" అంటే పేగు, సంస్కృతంలో "ఆంత్రం" అన్నా పేగే. లోపల ఉండేది కాబట్టి ఆ పేరు. డాక్టర్లు చెప్పే ఎంటెరైటిస్, డిసెంట్రీ రెండింట్లోనూ ఆ పేగే ఉంది.

ఇక ఇంటర్మీడియట్ సంగతి. ఇందులో "ఇంటర్" అంటే నడుమ, "మీడియస్" అంటే మధ్య. ఆ మీడియస్ కూడా మన "మధ్య"కి చుట్టమే. బడికీ డిగ్రీకీ నడుమ ఉన్న చదువు కాబట్టి ఇంటర్మీడియట్. మన రాష్ట్రంలో దీనికోసం 1971లో బోర్డు పెట్టారు. జనం నోట్లో మాట పొట్టిదై ముందున్న ముక్క ఒక్కటే మిగిలింది. ఉపసర్గ లాంటి ముక్క ఒంటరిగా నిలబడి ఒక చదువు పేరైపోవడం చిత్రమే. "మావాడు ఇంటర్" అంటే "మావాడు నడుమ" అని అర్థం. ఆ రెండేళ్ళూ అనుభవించినవాళ్ళు కాదనరు!

మరి తెలుగు మాటేంటి?

తెలుగు ఆ కుటుంబంలోది కాదు. దక్షిణాది భాషలు వేరే కుటుంబమని ఎల్లిస్ 1816లోనే, కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో వివరించాడు. మన స్వభావం ప్రకారం ఇలాంటి మాట పేరుకి వెనక వస్తుంది: ఊళ్ళో, ఇంటి లోపల, మా ఇద్దరి నడుమ. ఇంగ్లీషులో, సంస్కృతంలో ముందు తగిలించేదాన్ని మనం వెనక తగిలిస్తాం. తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లీషు టెక్నికల్ మాటలు తడబాటుగా ఉండటానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. తప్పు వాళ్ళ తెలివిది కాదు, వాక్యం నడిచే దిక్కు వేరు, అంతే.

అయినా అచ్చ తెలుగులోనూ "లో" ముందుకొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి: లోతట్టు, లోచూపు, లోగుట్టు. వరద వార్తల్లో "లోతట్టు ప్రాంతాల ప్రజలు" అని ప్రతి ఏడూ వింటూనే ఉంటాం. కనుక ఈ పద్ధతి మనకి బొత్తిగా కొత్తది కాదు.

బళ్ళో ప్ర, పరా, అప, సం అంటూ నేర్చుకున్న 22 ఉపసర్గల్లో "అంతర్" కనబడదు. వ్యాకరణంలో దాన్ని అవ్యయమంటారు. పని మాత్రం ఉపసర్గ లాగే చేస్తుంది. పక్క అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది: అంతరాత్మ, అంతర్గతం, అంతఃపురం.

మన ఏటి ఒడ్డున

ఇప్పుడు మన ఊళ్ళకొద్దాం. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట అంతర్వేది ఉంది. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవానికి మనలో చాలామంది వెళ్ళే ఉంటారు. బ్రహ్మ యాగం చేసి ఆ చోటుని వేదికగా చేసుకున్నాడని స్థలపురాణం చెబుతుంది.

అయితే "అంతర్వేది" అనే పేరు సంస్కృతంలో ఇంకోచోటికి కూడా ఉంది. గంగా యమునల నడుమ నేలని పూర్వం అంతర్వేది అనేవారు. తర్వాత పారసీకం వచ్చి ఆ నేలనే "దోఆబ్" అంది. "దో" అంటే రెండు, "ఆబ్" అంటే నీళ్ళు. గ్రీకులు టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ నేలని మెసొపొటేమియా అన్నారు. "మెసో" అంటే నడుమ, "పొటామోస్" అంటే నది. అర్జెంటీనాలో ఎంట్రే రియోస్ అనే రాష్ట్రం ఉంది. స్పానిష్‌లో దాని అర్థం కూడా "నదుల నడుమ" అనే. అందులో ముందున్న "ఎంట్రే" మన "ఇంటర్"కి బిడ్డే.

మరి గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న మన కోనసీమ? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు తవ్వి నీళ్ళు పారించినప్పుడు ఇంజనీర్లు దానికి పెట్టిన పేరు సెంట్రల్ డెల్టా, అంటే మధ్య డెల్టా. నదుల నడుమ నేల ఎక్కడున్నా, ఏ భాషవాళ్ళకైనా తట్టిన ఊహ ఒకటే.

సప్తగోదావరుల్లో కొన్ని పాయలు ఇప్పుడు కనబడవు. వాటిని పెద్దలు "అంతర్వాహినులు" అంటారు. ఇక్కడ అంతర్ అంటే నడుమ కాదు, లోపల. ఈ తేడా దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

నడుమా? లోపలా?

లాటిన్ ఈ రెండు అర్థాలకీ రెండు మాటలు పెట్టుకుంది: నడుమకి "ఇంటర్", లోపలకి "ఇంట్రా". ఇంటర్నెట్ అంటే నెట్‌వర్కుల నడుమ నెట్‌వర్కు. ఇంట్రానెట్ అంటే ఒక సంస్థ లోపలిది. తెలుగులో అంతర్జాలం అనేశాక రెండోదానికి వేరే మాట వెతుక్కోవాలి.

ఇది మార్కుల సంగతి కూడా. ఇంటర్ కెమిస్ట్రీలో నైట్రోఫినాల్ గుర్తుందా? పారా రకంలో హైడ్రోజన్ బంధం ఒక అణువుకీ ఇంకో అణువుకీ నడుమ ఏర్పడుతుంది, ఆర్థో రకంలో ఒకే అణువు లోపల. అందుకే ఆర్థో రకం ఆవిరితో తేలిగ్గా వచ్చేస్తుంది, పారా రాదు. ఇంటర్, ఇంట్రా తారుమారు చేస్తే జవాబు మొత్తం తలకిందులు.

డబ్బు సంగతి కూడా. ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారి విజయవాడ దుకాణానికి సరుకు అమ్మితే అది రాష్ట్రం లోపలి అమ్మకం, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలుగా పన్ను. హైదరాబాద్ దుకాణానికి అమ్మితే అంతర్రాష్ట్ర అమ్మకం, ఐజీఎస్టీ. 2014 జూన్ 2కి ముందు రాజమండ్రి-హైదరాబాద్ బస్సు రాష్ట్రం లోపలే తిరిగేది. ఆ రోజు నుంచి అదే బస్సు, అదే రోడ్డు, కానీ అంతర్రాష్ట్ర సర్వీసు. గోదావరి నీళ్ళ పంపకాల తగువు కూడా 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కిందే ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. 1969లో వేసిన ఆ ట్రిబ్యునల్ తీర్పు 1980లో వచ్చింది. మన పొలానికొచ్చే నీళ్ళ లెక్క వెనక ఈ చిన్న ముక్క ఉంది.

హిందీ స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఇంకో జాగ్రత్త. మనకి "రాష్ట్రం" అంటే స్టేట్, వాళ్ళకి దేశం. మనం "అంతర్జాతీయ" అంటే ఇంటర్నేషనల్. హిందీలో "అంతర్జాతీయ వివాహం" అంటే కులాంతర వివాహం! ముందున్న ముక్క ఒకటే, వెనకున్న మాట అర్థం మారింది.

మోసపోయే చోట్లు

ఇంట్‌తో మొదలైన ప్రతిదీ ఇంటర్ కాదు. ఇంటిజర్‌లో "ఇన్" అంటే "కాదు", మొత్తం మాటకి "తాకనిది, చెక్కుచెదరనిది" అని అర్థం. ఇంటిగ్రేషన్ కూడా ఆ కుటుంబమే. మన "అందరూ"కి పారసీక "అందర్"తో సంబంధం లేదు. "అంత్యాక్షరి"లో ఉన్నది చివర అనే అర్థమున్న "అంత్య", అంతర్ కాదు.

కీబోర్డు మీద ఎంటర్ మాత్రం మన చుట్టమే, లాటిన్ ఇంట్రా నుంచి వచ్చింది. ఇంటర్నల్ మార్కులు, ఇంటర్న్‌షిప్ కూడా "లోపల" అనే అర్థం నుంచే వచ్చాయి. సినిమాహాల్లో ఇంటర్వెల్ అంటే మొదట రెండు కోటగోడల నడుమ ఖాళీ, తర్వాత కాలంలో ఖాళీ అయింది. మన "అంతరం" కూడా అలాగే దూరానికీ, కాలానికీ, తేడాకీ పనికొస్తుంది.

కాబట్టి తమ్ముడూ, కొత్త మాట ఎదురైతే మూడు పనులు చెయ్యి. ముందున్న ఇంటర్‌ని విడదియ్యి. మిగిలినదానికి అర్థం ఉందేమో చూడు. ఉంటే "నడుమ" అని తగిలించి చదువు. ఇంటర్‌ఫేస్: రెండు ముఖాల నడుమ. ఇంటరప్ట్‌లో "రప్ట్" అంటే విరగడం: జరుగుతున్న పని నడుమ విరగడం. ప్రాసెసర్ చేసేదీ, క్లాసులో ఫోన్ మోగితే జరిగేదీ అదే.

వచ్చే సమావేశానికి ఒక్కొక్కరూ తమ బ్రాంచి పుస్తకాల్లోంచి ఐదు ఇంటర్ మాటలు, ఇంట్లో పెద్దవాళ్ళ నోటినుంచి ఐదు "అంతర్" మాటలు పట్టుకురండి. రెండు జాబితాలూ పక్కపక్కన బోర్డు మీద రాద్దాం. తెలుగు మీడియంలో చదివినవాళ్ళే ఎక్కువ తెస్తారని నా పందెం.